కొలవలేం అనకండి: మన సింగిల్ మోడల్ రేసింగ్ క్లాసు టెక్నికల్ కమిటీకి బహిరంగ లేఖ

టెక్నికల్ కమిటీ పెద్దలకు నమస్కారం.

వచ్చే సీజన్ కోసం మీరు పంపిన ముసాయిదా రూల్స్ మొత్తం చదివాను. ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ గురించి రాసిన పేరా దగ్గరికి వచ్చేసరికి ఇక ముందుకు కదలలేకపోయాను. ఈసీయూ లోపలి ప్రోగ్రామును తనిఖీ చేయడం మన వల్ల కావడం లేదు కాబట్టి, వచ్చే సీజన్ నుంచి ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకోవచ్చని రాశారు. ఉన్నవి రెండే వాక్యాలు. అవి మన క్లాసును ఎటు తీసుకెళ్తాయోనన్న బెంగతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీలో చాలామందితో నాకు ప్యాడాక్‌లో, అంటే ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట, మాటలు నడుస్తూనే ఉంటాయి, ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ ఇది గ్రిడ్‌లో, అంటే రేసు మొదలయ్యే వరుసలో, నిలబడే ప్రతి ఒక్కరి విషయం కాబట్టి అందరూ చదివేలా రాయడమే సబబనిపించింది.

ఈ క్లాసులో నాకిది పదకొండో సీజన్. పగలంతా ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక కారు పని. నేనూ మా తమ్ముడూ కలిసి చేసుకుంటాం. ఇంజిన్ లోపలి పని ఒక్కటే బిల్డర్ చేతిలో పెడతాం, మిగతావన్నీ మా చేతుల మీదే. గ్రిడ్‌లో ఎక్కువ మంది పరిస్థితి ఇదే. అందరికీ ఒకే మోడల్ కారు, ఒకే టైరు, ఒకే షాక్ అబ్జార్బర్ అని క్లాసు పెట్టుకున్నదే ఇలాంటి వాళ్ల కోసం. డబ్బు పెట్టి వేగం కొనుక్కోవాలనుకునే వాళ్లకు వేరే క్లాసులు బోలెడున్నాయి.

పోయిన సీజన్ ఆఖరి రేసు సాయంత్రం ఒకసారి గుర్తు చేసుకోండి. మొదటి మూడు కార్లనూ తనిఖీ చేసే టెక్ షెడ్‌లోకి తోయించి ఇంజిన్లు విప్పించారు. రెండో స్థానంలో వచ్చిన కుర్రాడు తన కారు పక్కనే నిలబడ్డాడు, చేతిలో ఇంజిన్‌కు గాలి తెచ్చే గొట్టాల భాగం, ఇన్‌టేక్ మానిఫోల్డ్. దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తోచక రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. సిలిండర్ల మీద మూతలా ఉండే సిలిండర్ హెడ్‌ను బల్ల మీద బోర్లించారు. కార్లు తనిఖీ చేసే స్క్రూటినీర్ గారు టార్చి వేసి, గాలి లోపలికి వెళ్లే దారి అయిన ఇన్‌టేక్ పోర్టులో వేలు పెట్టి తడిమి చూశారు. పోర్టు కిందికి మలుపు తిరిగే చోట, వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే సీటుకు కాస్త లోపల, అంచు నున్నగా తగిలింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన హెడ్‌లో అక్కడ గోరుకు తగిలేంత పదును ఉంటుంది. ఈ హెడ్‌లో అది లేదు. ఇరవై నిమిషాల్లో డిస్‌క్వాలిఫై అయ్యాడు. ఆ ఇంజిన్ అతను కొనుక్కున్నది, లోపల ఏముందో అతనెప్పుడూ చూడలేదు. ఆ మాట చెబుతుంటే అతని గొంతు పూడుకుపోయింది.

మీ నిర్ణయం తప్పని నేననను. కారులో ఏముందో దానికి డ్రైవరే బాధ్యుడు, ఆ రూల్ లేకపోతే ఏ క్లాసూ నిలబడదు. నా బాధ వేరే. మన రూల్ పుస్తకంలో ఆ భాగం గురించి ఏం రాసుందో చూడండి. "యంత్రపు పని తర్వాత మిగిలిన బర్ తీయవచ్చు, పోర్టు ఆకారం మార్చరాదు." బర్, అంటే కోత తర్వాత అంచున మిగిలే గరుకు ముక్క, తీయడం ఎక్కడ ఆగుతుంది, ఆకారం మార్చడం ఎక్కడ మొదలవుతుంది? ఎన్ని మిల్లీమీటర్లు? ఏ గేజ్‌తో చూడాలి? ఏమీ లేదు. గాలి పోర్టులోంచి వచ్చి వాల్వ్ దగ్గర కిందికి మలుపు తిరుగుతుంది. లోపలి అంచు పదునుగా ఉంటే గాలి అక్కడ గోడను వదిలేసి సుడి తిరుగుతుంది. ఆ అంచును కాస్త గుండ్రం చేస్తే సాఫీగా జారి సిలిండర్‌లోకి ఇంకొంచెం గాలి పడుతుంది. ఈ సంగతి ప్రతి బిల్డర్‌కీ తెలుసు. రూల్‌లో అంకె లేనప్పుడు ఒక్కో బిల్డర్ పక్కవాడికంటే ఒక్క పిసరు ఎక్కువ తీస్తాడు. నాలుగేళ్లకు అందరి హెడ్లూ రూల్ దాటేసి ఉంటాయి, తామే దాటామని ఎవరికీ అనిపించదు.

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. 2014లో అమెరికాలో స్పెక్ మియాటా క్లాసు, అంటే అందరూ మాజ్దా మియాటా కారే నడిపే క్లాసు, ఇదే గోతిలో పడింది. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) జాతీయ ఫైనల్స్‌ను రనాఫ్స్ అంటారు. ఆ ఏడాది అవి కాలిఫోర్నియాలోని లగూనా సెకా ట్రాక్‌లో జరిగాయి. రేసు తర్వాత హెడ్లు విప్పి చూసి, ముందు వరుసలో వచ్చిన కార్లను డిస్‌క్వాలిఫై చేశారు. కారణం సరిగ్గా ఈ భాగమే, పోర్టు మలుపులో వాల్వ్ సీటు కింద చేసిన పని. ఆ తర్వాత ఆ చోట ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో రూల్ మళ్లీ రాసుకున్నారు. అంత పెద్ద క్లాసుకే ఆ గతి పట్టిందంటే, ఒక్క మాట వదులుగా రాయడం ఎంత ఖరీదైన తప్పో ఆలోచించండి.

ఇక ఈసీయూ సంగతి. తనిఖీ చేయలేం కాబట్టి ఫ్రీ చేద్దాం అన్న మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఇప్పటికే కొందరు దొంగచాటుగా మార్చుకుంటున్నారు, దొరకడం లేదు, నిజాయితీగా ఉన్నవాళ్లే నష్టపోతున్నారు, అందరికీ తెరిచేస్తే సమానమవుతుంది అని మీటింగులో ఒకరన్నారు. ఆ అన్నవారి ఉద్దేశం మంచిదే. కానీ ఫ్రీ చేసిన మరుసటి వారం ఏం జరుగుతుంది? ప్రతి ఇంజిన్‌నూ డైనో మీద, అంటే ఇంజిన్ శక్తి కొలిచే యంత్రం మీద, పెట్టి దానికి తగ్గ మ్యాప్, అంటే ఎప్పుడు ఎంత ఫ్యూయల్, ఏ టైమింగ్ అని ఈసీయూకు చెప్పే పట్టిక, రాయించుకోవాలి. ఎగ్జాస్ట్ మారిస్తే మళ్లీ మ్యాప్, ఇంజిన్ రీబిల్డ్ చేస్తే మళ్లీ మ్యాప్. డైనో సొంతంగా ఉన్న టీముకీ, గంటల లెక్కన అద్దె కట్టే నాలాంటి వాడికీ మధ్య దూరం ఒక్క సీజన్‌లో ఎంత పెరుగుతుందో చెప్పక్కర్లేదు. ఇగ్నిషన్ టైమింగ్‌ను డెటొనేషన్, అంటే ఇంధనం అదుపు తప్పి పేలడం, అంచు దాకా తోసేవాళ్లు తోస్తారు. అలా తోసిన ఇంజిన్లు పిస్టన్లు కరిగి ట్రాక్ మీద నూనె పోస్తాయి. ఆ నూనె మీద జారేది వెనక వచ్చేవాళ్లు.

దీనికి తోడు మన గ్రిడ్‌లో రెండు తరాల ఇంజిన్లు ఉన్నాయి. స్పెక్ మియాటాలో కూడా అంతే, 1.6 లీటర్ల తొలి కార్లూ 1.8 లీటర్ల తర్వాతి కార్లూ ఒకే రేసులో పరిగెడతాయి. పెద్ద ఇంజిన్ కారుకు బరువు ఎక్కువ పెట్టి, కొన్నిటికి గాలి దారిని ఇరుకు చేసే రెస్ట్రిక్టర్ ప్లేటు పెట్టి రెండిటినీ సమం చేస్తారు. మనం కూడా బరువుతో అదే చేస్తున్నాం. ఈ సమతూకం అంతా ఫ్యాక్టరీ మ్యాప్ మీద ఆధారపడి లెక్కగట్టింది. మ్యాప్ ఫ్రీ అయితే ఏ తరం ఇంజిన్‌కు ఎంత లాభమో ఎవరం చెప్పలేం. కొత్త తరం ఇంజిన్ ఈసీయూ చేతిలో ఎక్కువ పనులుంటాయి కాబట్టి దానికే ఎక్కువ లాభం దక్కుతుందని నా అనుమానం. అప్పుడు పాత కార్ల వాళ్లు బరువు తగ్గించమంటారు, కొత్త కార్ల వాళ్లు ఒప్పుకోరు, మీ మీటింగులన్నీ ఆ గొడవతోనే సరిపోతాయి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈసీయూ విషయంలో మాత్రం పట్టుకునే దారి ఉంది, పైగా అది సింగిల్ మోడల్ క్లాసుకే ఉన్న సౌకర్యం. ఒకే తరం కార్లన్నిటిలోనూ ఒకే పార్ట్ నంబరు ఈసీయూ. అంటే మీదీ నా తరం కారే అయితే నా ఈసీయూ మీ కారులో పని చేస్తుంది, మీది నా కారులో పని చేస్తుంది. క్లబ్బు తరఫున ఒక్కో తరానికి నాలుగు ఈసీయూలు కొని, లోపలి ఫైలు ఫ్యాక్టరీదేనని చదివి నిర్ధారించి, సీలు వేసి ఒక పెట్టెలో పెట్టుకోండి. రేసు రోజు పొద్దున డ్రైవర్స్ బ్రీఫింగులో అందరి ముందూ చీటీలు తీయండి. చీటీ వచ్చిన కార్లు క్లబ్బు ఈసీయూ పెట్టుకుని పరిగెత్తాలి. వాళ్ల ఈసీయూలు ఆ రోజంతా మీ పెట్టెలో ఉంటాయి. మా కారులో అది మార్చడానికి ఎంతసేపు పడుతుందో మా తమ్ముడి చేత చేయించి చూశాను. కార్పెట్ ఎత్తి, కవర్ ప్లేటు విప్పి, కనెక్టర్లు లాగి, కొత్తది పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసేసరికి 14 నిమిషాలు. చీటీలో తన నంబరు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు దొంగ మ్యాప్ మీద డబ్బు పోసేవాళ్లు ఎంతమంది ఉంటారు?

లాటరీ పద్ధతి కొత్తదేం కాదు. కార్టింగ్‌లో, అంటే చిన్న గో-కార్టుల రేసుల్లో, రోటాక్స్ ఇంజిన్ల పోటీ అయిన రోటాక్స్ మ్యాక్స్ గ్రాండ్ ఫైనల్స్‌కు వచ్చే డ్రైవర్లకు ఇంజిన్లు నిర్వాహకులే లాటరీ తీసి ఇస్తారు. చీటీలో వచ్చిన ఇంజిన్‌తోనే ప్రపంచ స్థాయి పోటీ చేస్తారు. మామూలు రోటాక్స్ రేసుల్లో కూడా ఇంజిన్‌కు నంబరున్న సీలు, దాంతో పాటు ఒక కార్డు ఉంటాయి. ఎవరు విప్పారో, ఎవరు సీలు వేశారో అందులో ఉంటుంది.

ఈసీయూ మార్చినా మోసానికి ఇంకో సందు ఉందని మీలో మెకానిక్కులకు తెలుసు. సెన్సర్ వైరులో ఒక చిన్న రెసిస్టర్ పెడితే బయట గాలి ఉన్నదానికంటే చల్లగా ఉందని ఈసీయూ నమ్ముతుంది, ఫ్యూయల్‌నూ టైమింగ్‌నూ దానికి తగ్గట్టు మార్చేస్తుంది. దీన్ని పట్టడానికి గొప్ప పరికరాలేం అక్కర్లేదు. రాత్రంతా చల్లారిన కారును పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే చూడాలి. అప్పుడు కూలెంట్ సెన్సరూ ఇన్‌టేక్ గాలి సెన్సరూ దాదాపు ఒకే ఉష్ణోగ్రత చూపాలి, ఆ రెండూ బయట థర్మామీటర్‌కు దగ్గరగా ఉండాలి. ఈసీయూ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి రెసిస్టెన్స్ కొలిస్తే సరిపోతుంది. తేడా వస్తే వైరింగ్ టేపు విప్పి చూడండి. ఒక కారుకు పది నిమిషాలు కూడా పట్టదు.

కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత నొక్కుకుపోతుందన్న సంగతి కూడా ఇంతే. హెడ్‌ను కాస్త చెక్కించి కంప్రెషన్ పెంచుతారని ప్యాడాక్‌లో ఎప్పుడూ గుసగుసలే, కొలిచింది మాత్రం పోయిన సీజన్ మొత్తంలో మూడే కార్లను. 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ దాదాపు 400 సీసీ. కంప్రెషన్ రేషియో 9.4 అయితే పైన మిగిలే ఖాళీ సుమారు 47.6 సీసీ. దాన్ని 9.9కి పెంచాలంటే ఖాళీ 44.9కి తగ్గాలి. తేడా మూడు సీసీ కూడా లేదు, అర టీస్పూను కంటే కాస్త ఎక్కువ. కంటితో చూస్తే ఎవరికీ కనపడదు. కానీ హెడ్‌ను తిరగేసి, ఛాంబర్ మీద గ్రీజు రాసిన గాజులాంటి ప్లాస్టిక్ పలక అతికించి, దాని చిల్లులోంచి బ్యూరెట్‌తో పల్చటి నూనె వదిలితే ఎన్ని సీసీలు పట్టిందో గీతల మీద చదువుకోవచ్చు. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఉండే బ్యూరెట్టే. అది, ఒక డయల్ గేజ్, ఒక మల్టీమీటర్, పోర్టు మలుపుకు సరిపోయే గేజ్ ఒకటి. వీటన్నిటి ఖర్చు మా కారు ఒక్క సెట్ టైర్లకు పెట్టే ఖర్చుకంటే తక్కువ. గ్రిడ్‌లో అందరం తలా కొంచెం వేసుకుంటే భారమే కాదు. వసూలు చేసే బాధ్యత ఇస్తే నేను తీసుకుంటాను.

ఎవరి కారు విప్పాలన్నది కూడా మార్చండి. ఇప్పుడు మొదటి ముగ్గురినే పిలుస్తున్నారు. ఏడో స్థానంలో వచ్చేవాడి కారు ఏళ్ల తరబడి ఎవరూ చూడరు. నిజానికి రూల్ దాటిన కారుతో ఏడో స్థానంలో వచ్చేవాడు ఎనిమిదో వాడికి అన్యాయం చేస్తున్నట్టే కదా. ఆ ఎనిమిదో వాడే మూడు సీజన్లు చూసి విసిగి కారు అమ్ముకుని వెళ్లిపోతాడు. నా కళ్ల ముందే నలుగురు అలా వెళ్లిపోయారు. అందుకే మొదటి ఇద్దరితో పాటు మిగతా గ్రిడ్‌లోంచి చీటీ తీసి ఇద్దరిని పిలవండి. ప్రతిసారీ హెడ్ విప్పనక్కర్లేదు. ఒక రేసుకు సెన్సర్లు, ఒక రేసుకు వాల్వ్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే క్యామ్ లిఫ్ట్, ఇంకో రేసుకు షాకులు, ఏది చూడాలో అది కూడా చీటీలోనే రానివ్వండి. చూసిన కార్ల నంబర్లు, కొలిచిన అంకెలు నోటీసు బోర్డు మీద పెట్టండి. రూల్ ప్రకారం ఉన్న కార్ల అంకెలు కూడా పెట్టాలి. గుసగుసలు తగ్గాలంటే అదొక్కటే మార్గం.

ప్రొటెస్ట్ విషయంలో చాలా క్లబ్బుల్లో మంచి పద్ధతి ఉంది. ఫిర్యాదు చేసినవారు ఇంజిన్ విప్పి మళ్లీ బిగించే ఖర్చు ముందే డిపాజిట్ కడతారు. కారు రూల్ ప్రకారం ఉందని తేలితే ఆ డబ్బు కారు యజమానికి పోతుంది, లేకపోతే ఖర్చు తప్పు చేసినవారిదే. మన దగ్గర డిపాజిట్ ఉంది గానీ ఎంత కట్టాలో ప్రతిసారీ అప్పటికప్పుడు చెబుతున్నారు. ఏ భాగం విప్పితే ఎంతో ముందే పట్టిక వేసి ఉంచండి, చాలు.

మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికి వస్తాను. ఫలితం పోవడం న్యాయమే. కానీ అతన్ని దొంగ అన్నారు, సీజన్ పాయింట్లన్నీ తీసేశారు, ఇంజిన్ కట్టిన బిల్డర్ పేరు మాత్రం ఎక్కడా రాలేదు. ఆ బిల్డర్ చేతి ఇంజిన్లు ఇంకా ఎన్ని గ్రిడ్‌లో తిరుగుతున్నాయో మీకూ తెలియదు, నాకూ తెలియదు. బిల్డర్ కట్టిన ప్రతి ఇంజిన్‌కూ అతని సీలు నంబరు ఉండాలని రూల్ పెట్టండి. సీలు చెక్కుచెదరకుండా ఉండి లోపల తప్పు దొరికితే, ఆ సీలున్న ఇంజిన్లన్నీ తర్వాతి రేసుకు ముందే చూడాలి. డ్రైవర్‌కు ఆ రేసు ఫలితం పోతుంది, అంతవరకే. సీలు తెగి ఉంటే అప్పుడు డ్రైవర్‌ను నిలదీయండి, ఎంత కఠినంగా ఉన్నా నేను మీ వెంటే ఉంటాను.

ముసాయిదాలో ఉన్న, షాక్ అబ్జార్బర్లు ఫ్రీ చేయాలన్న ప్రతిపాదన కూడా వెనక్కి తీసుకోవాలని కోరుతున్నాను. కొత్తవి వేసినా ఒకదానికొకటి పొంతన లేదన్నది నిజమే. దానికి మందు, షాకుల బలం కొలిచే షాక్ డైనో మీద ప్రతిదాన్నీ పరీక్షించి, ఇంత నుంచి ఇంత లోపు ఉండాలని హద్దు పెట్టడం. టైర్ల మీద నంబరు వేసి రేసు వీకెండ్‌కు ఇన్నే అని పరిమితి పెట్టిన రూల్ మాత్రం చాలా బాగుంది, దాన్ని కదిలించకండి. తూకం యంత్రాన్ని శుక్రవారం నుంచే అందరికీ తెరిచి ఉంచితే ఆదివారం వాదనలుండవు.

ఇంతవరకు బిగించమన్నాను. ఒక్క చోట మాత్రం రూల్ సడలించమని చేతులు జోడించి అడుగుతున్నాను. అది ముందు చక్రాల హబ్బుల గురించి, అంటే చక్రం బిగించే మధ్య భాగాల గురించి.

రెండు సీజన్ల కిందటి సంగతి. శనివారం క్వాలిఫయింగ్ అయ్యాక జాక్ ఎత్తి చక్రాలు చూసుకుంటున్నాం. కుడి ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే చిన్నగా టక్ మంది. చేతికి తగిలిందే తప్ప చెవికి సరిగా వినపడలేదు. కాసేపు అనుమానం. బాల్ జాయింటా, బేరింగా అని మళ్లీ ఊపాను. తమ్ముడు కాలిపర్ విప్పి, డిస్క్ తీసి, హబ్బును తుడిచి రంగు కొట్టాడు. డై పెనెట్రెంట్ అంటారు, ఎర్ర రంగు స్ప్రే చేసి పది నిమిషాలాగి శుభ్రంగా తుడిచేసి, దాని మీద తెల్లటి డెవలపర్ కొట్టాలి. పగులు ఉంటే అందులో దాగిన ఎర్ర రంగు తెల్లటి పూత మీదికి ఊరుతుంది. మేం చూస్తుండగానే హబ్బు అంచుకీ మధ్య గొట్టానికీ కలిసే మూలలో వెంట్రుకంత ఎర్ర గీత పొడుచుకొచ్చింది. అలా నెలవంకలా సాగుతూ దాదాపు మూడో వంతు చుట్టు తిరిగింది. అంతకు గంట ముందే అదే హబ్బు మీద నేను స్ట్రెయిట్ చివర పూర్తి వేగంలో బ్రేకు నొక్కాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి రేసుకు హబ్బు ఇచ్చింది పాయింట్లలో నాకు సరిగ్గా పై స్థానంలో ఉన్న మనిషి. అడగకముందే తెచ్చి చేతిలో పెట్టాడు. ఈ క్లాసును నేను వదలలేకపోవడానికి ఇలాంటి మనుషులే కారణం.

ఈ హబ్బులు రోడ్డు మీద తిరిగే కారు కోసం చేసినవి. రేసు టైరు గ్రిప్ వేరు, మలుపులో చక్రం మీద పడే బలం వేరు. డిస్క్ వేడికి బేరింగ్ లోపలి గ్రీజు కారిపోయి ఎండిపోతుంది. కార్ల వయసు కూడా పెరుగుతోంది, బయట దొరికే విడిభాగాలు ఒక్కో తయారీ ఒక్కోలా ఉంటోంది. అయినా మన రూల్ ఇప్పటికీ ఫ్యాక్టరీ రకం హబ్బే పెట్టాలంటోంది. గట్టి ఉక్కుతో చేసిన, బేరింగ్ విడిగా మార్చుకోగలిగే హబ్బును ఒకే ఒక పార్ట్ నంబరుతో అనుమతించండి. బరువు ఫ్యాక్టరీ దానికంటే తగ్గకూడదని రాయండి. దానివల్ల ల్యాప్ టైమ్ మారదు, ఎవరికీ లాభం ఉండదు. వేగం పెంచే సడలింపుకూ, చక్రం ఊడకుండా ఆపే సడలింపుకూ తేడా ఉంది. మీ ముసాయిదాలో మొదటి రకానివి రెండున్నాయి, రెండో రకానిది ఒక్కటీ లేదు. ఎక్కడైనా చక్రం ఊడి ఫెన్సింగ్ దాటాక రూల్ మారిస్తే అది చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

అది ఒప్పుకోకపోయినా కనీసం లాగ్‌బుక్‌లో ఒక పేజీ పెట్టండి. హబ్బు ఎప్పుడు మార్చారు, దాని మీద ట్రాక్ గంటలెన్ని, రంగు పరీక్ష ఎప్పుడు చేశారు. నేనైతే ఆ సంఘటన తర్వాత 10 గంటలకోసారి రంగు పరీక్ష చేస్తున్నాను, 20 గంటలకు పారేస్తున్నాను. మీకు వేరే అంకె సరైనదనిపిస్తే అదే పెట్టండి, కానీ ఏదో ఒక అంకె ఉండాలి. అదే పేజీలో బ్రేక్ ఫ్లూయిడ్ మార్చిన తేదీ కూడా ఉండాలి. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక పాటించాల్సిన కనీస హద్దు 155 డిగ్రీలే. కొత్తగా వచ్చే పిల్లలకు ఈ తేడా ఎవరూ చెప్పడం లేదు. మొన్న సీజన్ మొదట్లో పెడల్ నేల దాకా పోయి గ్రావెల్‌లోకి వెళ్లిన కొత్తమ్మాయిని నేనే వెళ్లి అడిగాను. కారు కొన్నప్పటి నుంచీ ఫ్లూయిడ్ మార్చలేదట. మార్చాలని తనకు తెలియదు. స్క్రూటినీలో హెల్మెట్ చూశారు, బెల్టుల మీది గడువు సంవత్సరం చూశారు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పిన్ను చూశారు. ఫ్లూయిడ్ ఎప్పటిదని అడిగే గడి ఆ కాగితం మీద లేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

స్క్రూటినీర్ల గురించి ఒక మాట చెప్పాలి. జీతం లేకుండా, తెల్లవారుజామున అందరికంటే ముందొచ్చి, చీకటి పడ్డాక ఆఖరున వెళ్లే మనుషులు వాళ్లు. ఇందులో అడిగినవన్నీ వాళ్ల నెత్తిన ఇంకో బరువని నాకు తెలుసు. అందుకే మనలోంచి కొందరం నేర్చుకుని సాయం చేయాలి. తన రేసు లేని రోజు ఒక్కో డ్రైవర్ సీజన్‌కు ఒక్కసారి టెక్ షెడ్‌లో పని చేయాలని రూల్ పెడితే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. బ్యూరెట్ పట్టుకుని ఒక్కసారి కొలిచినవాడికి తన ఇంజిన్ బిల్డర్‌ను ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

ముసాయిదా మీద ఓటింగుకు ముందు ఒక మీటింగ్ పెట్టి ఈ ఈసీయూ పేరాను పక్కన పెట్టాలని కోరుతున్నాను. ఒక్క సీజన్ చీటీల పద్ధతి ప్రయత్నించి చూడండి. పని చేయకపోతే వచ్చే ఏడాది ఫ్రీ చేసే ప్రతిపాదన మళ్లీ తెండి, అప్పుడు నేను అడ్డు చెప్పను. ఈ లోపు చీటీల కోసం ఆగక్కర్లేదు. తొలి రేసుకు నా ఈసీయూ మీ దగ్గర పెట్టుకుని మీది ఇవ్వండి. రేసయ్యాక మా హెడ్ విప్పి కొలిచి, అంకెలు బోర్డు మీద పెట్టండి. కొత్త హెడ్ గాస్కెట్ నేను తెచ్చుకుంటాను, విప్పడానికీ మళ్లీ బిగించడానికీ మా తమ్ముడు ఉంటాడు.

ఇట్లు,
మన గ్రిడ్‌లో పదకొండు సీజన్లుగా ఉన్న ఒక డ్రైవర్